నీళ్ళ మీద వెల్లకిలా

బెంగుళూరు
12 ఫిబ్రవరి 2024

అక్కకు తమ్ముడు ఈశ్వరప్ప దండాలు పెట్టి రాస్తున్నాను.

ఇక్కడికి వచ్చి ఇరవై రోజులయింది. ఫోనులో నీకు మాటలు వినబడవు కాబట్టి మా అమ్మాయి సుష్మ చేత కవర్లు తెప్పించుకున్నాను. ఎనిమిదో తరగతి వదిలాక ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే. తప్పులుంటే నీ అంగన్వాడీ పిల్లల పలకలు దిద్దినట్టు దిద్దుకో.

నడుము సంగతి. డాక్టరు ఎక్స్‌రే చూసి, వెన్నులో పూసలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయన్నాడు. ఏం పని చేసేవాడివని అడిగాడు. మదనపల్లె మార్కెట్టులో ముప్పై ఎనిమిదేళ్ళు టమోటాలు మోశానని చెప్పాను. ఆపరేషను తొందర లేదు, ఆరు నెలలు నీళ్ళలో నడిచి రా, అప్పుడు చూద్దామన్నాడు. ఏరు ఎక్కడుందని అడిగితే సుష్మ నవ్వింది.

ఏరు కాదు, మా కూతురింటి వీధి చివర పార్కులో స్విమ్మింగ్ పూల్. ఈ పార్కు చూడవలసిందే అక్కా. పొద్దున్నే మంచులో మనుషులు గుండ్రంగా నడుస్తుంటారు. ఒకచోట పదిమంది పెద్దవాళ్ళు నిలబడి చేతులు పైకెత్తి నవ్వుతారు. ఎవరూ జోకు చెప్పరు, ఊరికే నవ్వుతారు, అది వాళ్ళకు వ్యాయామం. ఇంకోచోట ఇనుప సైకిళ్ళు నేలలో పాతి ఉంటాయి. ఎంత తొక్కినా ఎక్కడికీ పోవు. మొదట్లో నాకు ఇదంతా నిద్రలో చూస్తున్నట్టుండేది. పొద్దుపోయేదాకా బరువు మోసి ఇంటికి వచ్చి పడుకోవడమే తెలిసిన ఒంటికి, ఊరికే కాళ్ళూ చేతులూ ఆడించడం ఏమిటో అర్థం కాలేదు.

పది గంటలకు పూల్‌లో పెద్దవాళ్ళను దింపుతారు. వారం రోజులు ఇనుప కడ్డీ పట్టుకుని రొమ్ము లోతు నీళ్ళలో నడిచాను. తర్వాత గీత వచ్చింది. ఇక్కడ నేర్పించేది ఆమే, మన గంగవరం మనిషి. "ఎనిక్కి వాలండప్పా, యాల భయం, నేనుండాను గదా" అంటూ నా తల కింద అరచెయ్యి పెట్టింది. వాలాను. చెవులు మునిగాయి. పైన రేకుల కప్పులో అద్దం పలకలున్నాయి, వాటిలోంచి ఆకాశం కనిపించింది. ఎప్పుడో ఆమె చెయ్యి తీసేసింది, నాకు తెలియలేదు.

లారీ దగ్గర ఇంకొకడు వచ్చి మన వీపు మీది బుట్టను దించుకుంటాడు చూడు. అట్లా నన్నే ఎవరో దించుకున్నారనిపించింది.

ఇంటికి వచ్చినా గీత మాటలే చెవిలో ఉంటాయి. ఆమె లేకపోతే ఈ ఊళ్ళో నాకు పొద్దు గడిచేది కాదు. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?

నీ తమ్ముడు
ఈశ్వరప్ప


కుప్పం
21 ఫిబ్రవరి 2024

ఈశ్వరునికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పులు నాలుగే. దిద్దలేదు.

మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. మేడ మీదికి ఎక్కడం మానేశాను. సాయంత్రం కాలేజీ గ్రౌండు దాకా పోయి, గట్టు మీద కూర్చుని పిల్లలు పరుగెత్తడం చూసి వస్తాను. రిటైరయ్యాక పనంటూ లేదు. రైళ్ళు పోయేటప్పుడు ఇప్పుడు నాకు చప్పుడు వినబడదు, నేల అదురుతుంది. మంచం కాలు పట్టుకుని ఏ రైలో చెప్పగలను. బెంగుళూరు వైపు పోయేది ఒక రకంగా అదురుతుంది, తిరిగి వచ్చేది ఇంకో రకంగా. నువ్వు నమ్మవు.

నీళ్ళ మీద పడుకున్నానని రాశావు. ఆ రాత్రి నాకు కలలో మదనపల్లె యార్డు వచ్చింది. మోకాలెత్తు నీళ్ళు నిండి, బుట్టల్లోంచి టమోటాలు ఒక్కొక్కటే తేలి వెళ్ళిపోతున్నాయి. ఎవరూ పట్టుకోవడం లేదు. నువ్వు వాటి మధ్య నిలబడి నవ్వుతున్నావు.

గీత గంగవరంలో ఎవరి మనిషి? ఇల్లూ సంసారం ఉన్నాయా? నీ తల పట్టుకుని నేర్పించిందంటే ఓపిక గల మనిషే అయి ఉంటుంది.

అక్క
రెడ్డెమ్మ


బెంగుళూరు
4 మార్చి 2024

అక్కకు,

ఇప్పుడు నేను ఎవరూ పట్టుకోకుండా వెల్లకిలా తేలుతున్నాను. సుష్మ నమ్మక ఒకరోజు సెలవు పెట్టి వచ్చి చూసింది. గాజు తలుపు అవతల నిలబడి చేతులు ఊపింది.

గీత సంగతి అడిగావు. సంసారం లేదు. ఒక్కతే ఉంటుంది. పోయిన ఆదివారం సుష్మ ఆమెను అన్నానికి పిలిచింది. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి చేశాము. ఊరిబిండి నేనే నూరాను. గీత ఒక ముద్ద మింగి, ఇంకో ముద్ద ఊరిబిండిలో అద్దుకుంది. "ఇట్లా కూడు తిని సంవత్సరమయ్యుండాది" అన్నది. పోయేటప్పుడు సుష్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఇక్కడే ఉండిపోరాదా, ఒక గది ఖాళీగానే ఉందన్నది. నాకూ ఆ మాట బాగుందనిపించింది. ఇల్లు నిండుగా ఉంటుంది.

పార్కులో నవ్వేవాళ్ళు నన్నూ పిలిచారు. చేతులెత్తి నిలబడ్డాను గానీ నవ్వు రాలేదు. గీత అటువైపు వస్తూ నన్ను చూసి నవ్వింది. అప్పుడు నాకూ వచ్చింది.

నీళ్ళలో పడుకుంటే పాత సంగతులు జ్ఞాపకం వస్తున్నాయి. నేను తలచుకోనివి కూడా. అదేమి విచిత్రమో.

నీ తమ్ముడు
ఈశ్వరప్ప


కుప్పం
15 మార్చి 2024

ఈశ్వరా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదువు.

నీ మనసు నాకు తెలిసింది. చెప్పడానికి మొహమాటపడుతున్నావు. సరోజ పోయి ఏడేళ్ళు. బతికినన్నాళ్ళు ఆమెను బాగా చూసుకున్నావు, ఎవరూ కాదనరు. అరవై ఏళ్ళకు తోడు కావాలనుకుంటే అందులో తప్పేముంది? కూతురే ఇంట్లో ఉండమని పిలిచిందంటే ఇక అడ్డమెవరు? సరోజ చెల్లెలు మునిరత్నమ్మకు ముందే తెలియడం మంచిదని పుంగనూరుకు ఒక కార్డు రాశాను. రేపు ఆమె బయట విని బాధపడకూడదు కదా.

నా సంగతి నీకు చెప్పవలసింది ఒకటుంది, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయేటప్పటికి నాకు ఇరవై నాలుగు. పుంగనూరులో అమ్మ దగ్గర మిషను కుట్టుకుంటూ ఉన్న ఆ మూడేళ్ళూ, గడపలో ఎవరి నీడ పడినా తలెత్తేదాన్ని. నన్ను చేసుకుంటానని ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. వద్దనేదాన్నేమో. కానీ ఒక్కసారి అడిగించుకోవాలని ఉండేది. తర్వాత నువ్వు కుప్పంలో ఉద్యోగం చూపించావు, పిల్లల గోలలో అదీ మరిచిపోయాను.

నీకు అడిగే మనిషి దొరికింది. ఎవరేమనుకుంటారోనని పోగొట్టుకోవద్దు. నా మాట విను.

అక్క
రెడ్డెమ్మ


బెంగుళూరు
27 మార్చి 2024

అక్కకు,

మునిరత్నమ్మ సుష్మకు ఫోను చేసింది. "మా అక్క పటం గోడ మిందే ఉండాదా, తీసేసినారా?" అని ఏడ్చిందట. సుష్మకు తలా తోకా తెలియలేదు. నీ ఉత్తరం చూపించాక మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

గీతకు ఇరవై ఆరేళ్ళు. సుష్మ కంటే నాలుగేళ్ళు చిన్న. లేడీస్ హాస్టల్లో ఉంటుంది. నన్ను "అప్పా" అంటుంది, మన వైపు అందరినీ అనేటట్టు. తప్పు నాదే, వయసు రాయలేదు. నాకు రాయాలని తోచలేదు.

సుష్మ ఆపలేక గీతకు కూడా చెప్పేసింది. నేను సిగ్గుతో నీళ్ళలోనే ఉండిపోయాను. గీత మాత్రం నవ్వలేదు. "మీ అక్క శానా మంచి మనిషప్పా. వద్దనకుండా మీ మనసేందని మిమ్మల్నే అడిగింది సూడండి" అన్నది.

ఆ మాటకు నేను ఆ రోజు తేలలేకపోయాను. వాలిన ప్రతిసారీ కాళ్ళు కిందికి పోయాయి. గట్టెక్కి కూర్చున్నాను. అప్పటినుంచి ఈ ఉత్తరం రాయాలని నాలుగు కాగితాలు చించాను.

అక్కా, ఎవరూ రాలేదని రాశావు. వచ్చారు.

పుంగనూరు బజారులో దారాలూ గుండీలూ అమ్మే రామచంద్ర. నువ్వు ప్రతి వారం దారం తెచ్చుకునే అంగడి. నువ్వు అమ్మ దగ్గరికి వచ్చిన రెండో ఏడు, మదనపల్లెకు నా దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని బుట్టల మధ్య ఒక పక్కగా నిలబడి, లారీ నిండేదాకా కాచుకున్నాడు. "మీ అక్కను అడిగి చెప్పప్పా. ఆమె ఊ అంటే సాలు, మా ఇంట్లో నేను జెప్పుకుంటాను" అన్నాడు. అడుగుతానన్నాను.

అడగలేదు. ఆ నెలలోనే సరోజ వాళ్ళు నన్ను చూసి పోయారు. ఇంట్లో అక్కకు మారుమనువని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయపడ్డాను. వారం తర్వాత ఆ అంగడికి పోయి, అక్కకు ఇష్టం లేదని చెప్పాను. ఆయన తలాడించి గుండీల పెట్టె మూసుకున్నాడు. తర్వాత నువ్వు దారానికి ఆ అంగడికే పోతూ ఉంటే నాకు ఒళ్ళు మండినట్టుండేది. అందుకే కుప్పం ఉద్యోగం కోసం అంతగా తిరిగాను. తమ్ముడంటే ఇట్లా ఉండాలని ఊరంతా అన్నారు. నేను విని ఊరుకున్నాను.

సరోజతో ముప్పై ఏళ్ళు సుఖంగా ఉన్నాను. ఆమెకు కూడా చెప్పలేదు.

ఈశ్వరప్ప


బెంగుళూరు
12 మే 2024

అక్కకు,

నెలన్నరయింది. నీ దగ్గర నుంచి కాగితం లేదు. రాయమని అడిగే ముఖం నాకు లేదు.

పోయిన బుధవారం సుష్మకు పార్కుకని చెప్పి రైలెక్కి కుప్పం వచ్చాను. స్టేషను బెంచీ మీద కూర్చున్నాను. నీ వీధి అక్కడినుంచి ఎంత దూరం, లేచి నడిస్తే పది నిమిషాలు. లేవలేదు. మధ్యాహ్నం బండి వస్తే ఎక్కి వెనక్కి వచ్చేశాను. ఆ రైలుకు నీ మంచం అదిరిందా అని దారంతా అనుకున్నాను.

రమ్మంటే వస్తాను. వద్దంటే రాను.

ఈశ్వరప్ప


కుప్పం
9 జూన్ 2024

ఈశ్వరప్పకు,

నువ్వు స్టేషనుకు వచ్చిన బుధవారం నేను ఇంట్లో లేను. పుంగనూరుకు పోయాను.

జరిగింది వరసగా చెబుతాను. నీ ఉత్తరం చదివాక కోపం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ముందుగా వచ్చింది సంతోషం. అరవై మూడేళ్ళ దాన్ని, అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. ఒక మనిషి తెల్ల చొక్కా వేసుకుని నా కోసం పుంగనూరు నుంచి మదనపల్లె పోయి బుట్టల మధ్య నిలబడ్డాడు. నాలుగు రోజులు ఇంట్లో ఆ ఆలోచనతోనే తిరిగాను, అన్నం మాడబెట్టుకున్నాను. ఐదో రోజు కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే నీ ఉత్తరాలన్నీ పొయ్యి దగ్గరికి తీసుకుపోయాను. వేయలేదు.

అంగడి అక్కడే ఉంది. ముందర అద్దాల బీరువా కొత్తది. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు అట్టలకు కుట్టుతోంది. దీనికి సరిపడే దారం కావాలని నేను రవికె గుడ్డ ముక్క బల్ల మీద పెట్టాను. నాకు చెవుడు కాబట్టి ఆయన పెదాల వంకే చూస్తున్నాను.

ఆయన గుడ్డను వీధిలోకి తెచ్చి వెలుగులో చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "రెడ్డెమ్మ గదా" అన్నాడు. ఔనన్నాను. "మీ తమ్ముడు బాగుండాడా?"

"బెంగుళూరులో ఉండాడు. నడుము నొప్పికి ఈత నేర్సుకుంటాండాడు" అన్నాను.

ఆయన నవ్వాడు. భార్య లోపలికి పోయింది, మనుమడు ఏడుస్తున్నట్టున్నాడు. అప్పుడు నేను చెప్పాను. "ఆ పొద్దు నన్ను ఎవురూ అడగలేదప్పా. నువ్వొచ్చినట్టే నాకు తెలీదు. మొన్న తెలిసింది."

ఆయన చేతిలోని దారపు ఉండను గుడ్డ పక్కన పెట్టి చూశాడు. "ఔనా" అన్నాడు. ఆ తర్వాత "ఈ రంగు సాలదమ్మా, ఇంకా రవ్వంత ముదురు గావల్ల" అని ఇంకో పెట్టె తీసి వెదికాడు. సరిపోయేది దొరికేదాకా వెదికాడు. దొరికింది.

అంతే జరిగింది. భార్య రెండు చేతులతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి బస్సెక్కాను. పలమనేరు దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏమి చూశానో చెప్పలేను. పొలాలూ కొండలూ అన్నీ నీళ్ళలో ఉన్నట్టే కనిపించాయి.

ఆయనే నన్ను వద్దన్నా నాకు ఇంత బాధ లేకపోయేది. నేను వద్దన్నానని ముప్పై ఏడేళ్ళు ఆయన అనుకున్నాడు. నేను అనని మాట అది. నా నోట్లో నువ్వు పెట్టావు.

మోకాళ్ళకు నీళ్ళు మంచివా? ఆడవాళ్ళకు ఏ రోజు?

రెడ్డెమ్మ


బెంగుళూరు
17 జూన్ 2024

అక్కకు,

ఆడవాళ్ళకు శనివారం పదకొండు నుంచి పన్నెండు. మోకాళ్ళకు చాలా మంచివని గీత చెప్పింది. జుట్టుకు రబ్బరు టోపీ, ఒళ్ళంతా కప్పే నైలాను డ్రస్సు వేసుకోవాలి, రెండూ సుష్మ కొని ఉంచుతుంది. ఆ గంటసేపు మగవాళ్ళను లోపలికి రానివ్వరు. నేను గేటు బయట ఉంటాను.

నువ్వు రాసినదంతా చదివాను.

ఈశ్వరప్ప


కుప్పం
22 జూలై 2024

ఈశ్వరా,

నిన్న సాయంత్రం క్షేమంగా చేరాను. శనివారం నువ్వు గేటు బయట బెంచీ మీద కూర్చున్నావు, లోపల ఏమి జరిగిందో నీకు తెలియదు. ఇంటికి వచ్చాక నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. రైల్లో కూర్చున్నాక రాద్దామనిపించింది.

ఆ నైలాను డ్రస్సు వేసుకుని అద్దం ముందుకు వస్తే నన్ను నేనే పోల్చుకోలేదు. టోపీ పెట్టాక అసలే లేదు. గదిలో పదిహేను మంది ఆడవాళ్ళు, లావువాళ్ళు, సన్నవాళ్ళు, కాన్పు గీతలున్నవాళ్ళు, ఒక ముసలామె నాకంటే పెద్దది. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. చీర లేకుండా ఇంతమంది మధ్య నిలబడటం నాకు పుట్టి ఇదే మొదలు. కాసేపటికి నేనూ చూసుకోవడం మానేశాను.

గీత నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. నా చెవుల సంగతి నువ్వు ముందే చెప్పినట్టున్నావు, ప్రతి మాటా నా ముఖం ముందుకు వచ్చి చెప్పింది. చిన్నపిల్ల. ఈ పిల్లను నీకు కట్టబెట్టాలనుకున్నానా అని నీళ్ళలో నిలబడి నవ్వుకున్నాను. ఆమెకు కారణం తెలిసింది, ఆమె కూడా నవ్వింది.

రొమ్ము లోతుకు పోయేసరికి మోకాళ్ళు నావి కావనిపించింది. అటు నుంచి ఇటు నడిచాను. ఇటు నుంచి అటు నడిచాను. కుప్పంలో కూరగాయలకు పోయి రావడానికి నాలుగుచోట్ల కూర్చునేదాన్ని, అక్కడ ఒక్కచోట ఆగలేదు. తర్వాత గీత నా వీపు కింద చెయ్యి పెట్టి వాలమంది. వాలాను. చెవులు మునిగాయి. నాకు కొత్తేమీ లేదు, ఆ నిశ్శబ్దంలోనే కదా నేను ఉండేది. కానీ చుట్టూ చూస్తే అందరూ నాలాగే వెల్లకిలా పడుకుని ఉన్నారు, ఎవరికీ ఏమీ వినబడటం లేదు. చెవులు పోయిన ఈ పదేళ్ళలో మొదటిసారి నేను అందరిలో ఉన్నట్టనిపించింది. పైన అద్దాల్లో మబ్బు ఒకటి చాలా మెల్లగా పోతోంది. అది అంచు దాటేదాకా చూశాను. గీత చెయ్యి ఉందో లేదో నేనూ గమనించలేదు.

అప్పుడు రామచంద్ర జ్ఞాపకం వచ్చాడు. అంగడిలో దారం వెదుకుతున్నట్టే. నాకు ఏడుపు వచ్చింది. ఆ నీళ్ళలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అది ఒక సౌకర్యం.

నిన్ను క్షమించానా అని నువ్వు ముఖం పెట్టుకుని రెండు రోజులూ నా చుట్టూ తిరిగావు. నాకు తెలియదు ఈశ్వరా. కొన్ని పూటలు క్షమించినట్టే ఉంటుంది. కొన్ని పూటలు నిన్ను కొట్టాలనిపిస్తుంది. ఈ వయసులో కొడితే నీ నడుము ఏమవుతుందోనని భయం. నెలకొక శనివారం వస్తాను. నీకోసం అనుకోవద్దు, మోకాళ్ళ కోసం.

ఇంత రాశాను గానీ, రాయాలని కూర్చున్నది ఇది కాదు. నీళ్ళలో దిగే ముందు, పూల్ టికెట్ల కిటికీ దగ్గర జరిగినది.

కిటికీ లోపలి మనిషి నన్ను చూడలేదు. ముసలిదాన్ని, చెవిటిదాన్ని అని ఎట్లా తెలిసిందో, నీ వైపే చూసి అడిగాడు, "ఈయమ్మ నీళ్ళల్లో దిగుతుందా?" అని. అతని పెదాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. నువ్వు నోరు తెరిచావు. తెరిచి, మూసుకున్నావు. అతను మళ్ళీ నిన్నే అడిగాడు. నువ్వు పలకలేదు. వెనుక వరసలో ఆడవాళ్ళు విసుక్కుంటున్నారు, ఒకామె నీ భుజం తట్టింది. నువ్వు ఆ మనిషి వైపు చూడకుండా నా వైపు తిరిగి, నా ముఖం చూస్తూ నిలబడ్డావు. ఎంతసేపయినా అట్లాగే నిలబడేటట్టున్నావు.

నేను కిటికీ దగ్గరికి జరిగి చెప్పాను.

"దిగతాను."

నీ అక్క
రెడ్డెమ్మ